కాలదోషం పట్టిన నిజాలు

2020 జనవరి 30న పారిస్‌లోని ప్లోఁ ప్రచురణ సంస్థ ఒక చిన్న పుస్తకాన్ని విడుదల చేసింది. పేరు 'అఁ సి లోఁ సిలాఁస్'. తెలుగులో 'ఇంత సుదీర్ఘమైన మౌనం' అనవచ్చు. రచయిత్రి సారా అబిత్‌బోల్ ఫ్రాన్సులో పెద్దగా పరిచయం అవసరం లేని వ్యక్తి. స్తెఫాన్ బెర్నాదిస్‌తో జంటగా మంచు మీద పదేళ్లు ఆడి, ఐరోపా పోటీలలో పలుమార్లు పతకాలు తెచ్చి, 2000లో స్వదేశంలోని నీస్ నగరంలో జరిగిన ప్రపంచ పోటీలలో కాంస్యం గెలిచిన స్కేటర్. పాత్రికేయురాలు ఎమ్మాన్యుయెల్ అనిజోన్ సహకారంతో రాసిన ఈ పుస్తకంలో పతకాల కథ తక్కువ. 1990 నుంచి 1992 వరకు, తనకు 15 నుంచి 17 ఏళ్ల వయసున్న కాలంలో, తన శిక్షకుడు తనపై పలుమార్లు అత్యాచారం చేశాడని ఆమె అందులో రాసింది. పుస్తకంలో అతని అసలు పేరు లేదు. ఆ పేరు, జిల్ బెయెర్, విడుదలకు ముందురోజు పత్రికల ద్వారా లోకానికి తెలిసింది.

పుస్తకం చదివినవారిని మొదట కలచివేసేది ఆ అకృత్యానికి చుట్టూ ఉన్న మామూలుతనం. వేసవి శిక్షణ శిబిరంలో ఒక రాత్రి చేతిలో టార్చిలైటుతో వచ్చి నిద్రలేపిన మనిషి, మర్నాడు ఉదయం అదే గొంతుతో గెంతు సరిగా వేయమని అదిలిస్తాడు. ఈ సాయంత్రం అదనపు శిక్షణ ఉంది, అమ్మాయిని కాసేపు ఉంచుతానని తల్లికి చెబుతాడు. తన బిడ్డపై గురువు శ్రద్ధ చూపుతున్నాడని ఆ తల్లి సంతోషిస్తుంది. కంచే చేను మేస్తే అనే సామెత మనకు కొత్త కాదు. అయితే ఆ సామెతలో కంచెను వేసినవాడి ప్రస్తావన ఉండదు. సారా పుస్తకం వెలుగులోకి తెచ్చిన చరిత్రలో ముఖ్యపాత్ర నిజానికి అతనిదే: ఆ కంచెను పాతినవాడు, అది చేను మేస్తోందని తెలిసి కూడా పీకి పారేయనివాడు.

ఫ్రాన్సులో ఆ నెలే వేరొక పుస్తకం దుమారం రేపి ఉంది. వనెస్సా స్ప్రింగోరా రాసిన 'ల కోఁసాఁత్‌మాఁ' జనవరి మొదటి వారంలోనే వచ్చి, పేరున్న ఒక రచయిత తన పద్నాలుగేళ్ల వయసులో తనను ఎలా వశపరచుకున్నాడో చెప్పింది. సాహిత్యలోకం తన గురువులను ప్రశ్నించుకుంటున్న సమయంలోనే క్రీడాలోకానికి కూడా ఆ ప్రశ్న ఎదురైంది. రెండు పుస్తకాలకూ ఒక పోలిక ఉంది. రెండూ న్యాయస్థానపు తలుపు మూసుకుపోయిన తర్వాత రాసినవి.

ఈ మాటను కొంచెం వివరంగా చూడాలి. మైనర్లపై అత్యాచారం విషయంలో, బాధితులకు 18 ఏళ్లు నిండిన తర్వాత మరో 20 ఏళ్లలోపు, అంటే 38 ఏళ్ల వయసులోపు, ఫిర్యాదు చేయవచ్చునని 2004 నాటి ఫ్రెంచి చట్టం చెప్పింది. 2018లో ఆ గడువును 30 ఏళ్లకు, అంటే 48 ఏళ్ల వయసుకు పెంచారు. పుస్తకం వచ్చేనాటికి సారా వయసు 44. పైపైన చూస్తే ఆమె గడువులోపలే ఉన్నట్టు కనిపిస్తుంది. కాని 1975 జూన్‌లో పుట్టిన ఆమెకు 2013లోనే 38 నిండాయి. అప్పటికే ముగిసిపోయిన గడువును ఆ తర్వాత వచ్చిన చట్టం తిరిగి తెరవదు. ఐదేళ్ల తేడాతో ఆమె నిజానికి కాలదోషం పట్టింది. మన కోర్టు భాషలో అప్పుపత్రాలకూ ఆస్తి దావాలకూ వాడే ఈ మాట, ఒక పదిహేనేళ్ల పిల్ల అనుభవించిన నరకానికి కూడా వర్తిస్తుందన్నది ఆలోచిస్తే మింగుడుపడని విషయం.

న్యాయస్థానం వినలేనిది కనుకనే పుస్తకం రాయవలసి వచ్చింది. బెయెర్ ఆ వారంలోనే ఒక ప్రకటన ఇచ్చాడు. జరిగిన సందర్భాల గురించి తన జ్ఞాపకాలు ఆమె జ్ఞాపకాలతో పూర్తిగా కలవకపోయినా, తన హోదానూ ఆనాటి ఆమె వయసునూ బట్టి ఆ సంబంధాలు అనుచితమైనవేనని ఒప్పుకొని, క్షమాపణ చెప్పాడు. ఆమె అత్యాచారమన్నదానిని అతను సంబంధమన్నాడు. ఆ రెండు మాటల మధ్య ఉన్న దూరాన్ని తేల్చవలసింది విచారణ. సారా విషయంలో ఆ విచారణకు చోటే లేకపోయింది.

*

'మౌనం అర్ధాంగీకారం' అంటారు. పెళ్లిచూపుల వేళ పనికివచ్చిన ఈ సూక్తి, ఇటువంటి సందర్భాలలో ఎంతటి అన్యాయానికి దారితీస్తుందో చెప్పడానికి ఫిగర్ స్కేటింగ్ చరిత్ర చాలు.

ఆ క్రీడ నిర్మాణమే మౌనాన్ని పెంచి పోషించేది. నాలుగైదేళ్ల వయసులో పిల్లలు మంచు మీదికి వస్తారు. తెల్లవారకముందే, బడి మొదలయ్యేలోపు సాధన. పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి వారి దినచర్య అంతా ఒకే మనిషి చేతిలో ఉంటుంది: ఏం తినాలి, ఎంత బరువుండాలి, ఏ నొప్పిని సహించాలి, ఏ పాటకు ఆడాలి, ఏ పోటీకి వెళ్లాలి. గెంతు నేర్పేటప్పుడు కోచ్ నడుము పట్టుకుని తిప్పక తప్పదు. జంట స్కేటింగ్‌లో భాగస్వామి చేతుల మీదే అమ్మాయి ప్రాణం ఆధారపడి ఉంటుంది. శరీరాన్ని తాకడం ఇక్కడ వృత్తిలో భాగం కనుక, తాకకూడని స్పర్శ ఎక్కడ మొదలైందో గుర్తించే వ్యవధి కూడా బిడ్డకు దొరకదు. పైగా జంట స్కేటింగ్‌లోనూ ఐస్ డ్యాన్స్‌లోనూ అబ్బాయిల సంఖ్య తక్కువ, అమ్మాయిల సంఖ్య ఎక్కువ. మంచి భాగస్వామిని పోగొట్టుకున్న అమ్మాయికి మరొకడు దొరకక క్రీడాజీవితం అక్కడితో ముగిసిపోవచ్చు. ఫిర్యాదు చేయడమంటే తన ఆటను తానే తాకట్టు పెట్టడం.

ఇక న్యాయనిర్ణేతల సంగతి. పరుగుపందెంలో గడియారం గెలుపును తేలుస్తుంది. స్కేటింగ్‌లో మనుషులు తేలుస్తారు. ఆ న్యాయనిర్ణేతలూ, వారిని పంపే సమాఖ్యలూ, సమాఖ్యలలో పలుకుబడి ఉన్న కోచ్‌లూ ఒకే చిన్న లోకానికి చెందినవారు. 'ఈ పిల్లతో గొడవలెక్కువ' అని ఒకరు అంటే చాలు, ఆ మాట మార్కుల దాకా పాకుతుందన్న భయం తల్లిదండ్రులలో కూడా ఉంటుంది. ఇల్లు తాకట్టు పెట్టి ఫీజులు కట్టిన తల్లిదండ్రులు ఆ భయానికి తలవంచడంలో ఆశ్చర్యం లేదు.

వైద్యశాస్త్రం ఈ మౌనాన్ని మరోవైపు నుంచి వివరిస్తుంది. బాల్యంలో లైంగిక హింసకు గురైనవారిలో చాలామంది ఆ సంగతిని మొదటిసారి నోటితో చెప్పేసరికి ఏళ్లు, కొన్నిసార్లు దశాబ్దాలు గడుస్తాయి. ఆ సమయంలో మనసు శరీరం నుంచి తప్పుకుని, జరుగుతున్నది మరెవరికో జరుగుతున్నట్టు చూస్తూ ఉండిపోవడం ఒక ఆత్మరక్షణ. ఆ రక్షణే తర్వాత నిద్రలేమిగా, కారణం తెలియని భయాలుగా, ఆహారంతో యుద్ధంగా తిరిగివస్తుంది. స్కేటర్‌కు మరో చిక్కు కూడా ఉంది. నొప్పిని ముఖం మీదికి రానివ్వకుండా నవ్వడం ఆమెకు నేర్పిన మొదటి పాఠం. పడి లేచి నవ్వాలి, చీలమండ బెణికినా నవ్వాలి. ఆ శిక్షణ పొందిన మనిషి పదిహేనేళ్లప్పుడు ఎందుకు చెప్పలేదని అడగడం, ఆమె విద్యనే ఆమెకు నేరంగా చూపడం.

కాలపరిమితి చట్టాలు ఈ శరీరధర్మాన్ని లెక్కలోకి తీసుకోకుండా రాసినవి. సాక్ష్యం చెరిగిపోతుందని, జ్ఞాపకం చెదిరిపోతుందని, ముద్దాయి తనను తాను కాపాడుకునే అవకాశం తగ్గిపోతుందని వాటికి కారణాలు చెబుతారు. ఆ కారణాలు కొట్టిపారేయదగినవి కావు. కాని గాయం మాట్లాడటానికి పట్టే కాలమూ, చట్టం వినడానికి ఇచ్చే కాలమూ వేరువేరుగా ఉన్నంతకాలం ఆ రెంటి మధ్య ఖాళీలో నేరస్థుడు హాయిగా బతుకుతాడు.

*

సమాఖ్యల గడువుల ముందు దేశాల చట్టాలు ఎంతో ఉదారంగా కనిపిస్తాయి. దీనికి ఉదాహరణ అమెరికాలో ఉంది.

1999 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఒక కథనం వచ్చింది. క్రెయిగ్ మౌరిజి అనే కోచ్, తాను పదిహేనేళ్ల శిష్యుడిగా ఉన్నప్పటి నుంచి తన గురువు రిచర్డ్ కాలహన్ తనను లైంగికంగా వాడుకున్నాడని అందులో ఆరోపించాడు. కాలహన్ అప్పుడు కీర్తిశిఖరం మీద ఉన్నాడు. అంతకుముందు ఏడాదే అతని శిష్యురాలు తారా లిపిన్‌స్కీ నగానో ఒలింపిక్స్‌లో పదిహేనేళ్లకే స్వర్ణం గెలిచింది. టాడ్ ఎల్‌డ్రెజ్ 1996లో ప్రపంచ విజేత అయ్యాడు. కాలహన్ ఆ ఆరోపణలను ఖండించాడు. మౌరిజి సమాఖ్యకు ఫిర్యాదు ఇచ్చాడు. దుష్ప్రవర్తన జరిగిన 60 రోజులలోపు ఫిర్యాదు చేయాలని నిబంధన ఉందంటూ సమాఖ్య దాన్ని తోసిపుచ్చింది. ఆరోపణ నిజమా అబద్ధమా అన్న దగ్గరికి ఎవరూ వెళ్లనేలేదు.

అరవై రోజులు! ఆ లెక్క ప్రకారం పదిహేనేళ్ల పిల్లవాడు, దేశంలోకెల్లా పలుకుబడి ఉన్న కోచ్ మీద, తన ఆట అంతా అతని చేతిలో ఉండగానే, రెండు నెలలు తిరిగేలోపు కాగితం రాసి ఇవ్వాలి. మార్కుల మీద అభ్యంతరాలకూ, జట్టు ఎంపికపై తగవులకూ రాసుకున్న నిబంధన అయితే అర్థం చేసుకోవచ్చు. పిల్లల శరీరాలకు కూడా దాన్నే కొలబద్దగా వాడారు.

ఆ సమాఖ్యకు వేగంగా కదలడం చేతకాక కాదు. ఐదేళ్ల ముందు, 1994 జనవరిలో, నాన్సీ కెరిగన్ మోకాలిపై దాడి జరిగింది. ఆ దాడి వెనుక టోన్యా హార్డింగ్ మాజీ భర్త ఉన్నట్టు తేలింది. జూన్ చివరినాటికి సమాఖ్య విచారణ జరిపి, హార్డింగ్ జాతీయ పతకాన్ని వెనక్కి తీసుకుని, జీవితకాల నిషేధం విధించింది. ఆరు నెలలు కూడా పట్టలేదు. 2002 సాల్ట్ లేక్ ఒలింపిక్స్‌లో జంటల పోటీ మార్కులలో కుమ్మక్కు జరిగిందని బయటపడినప్పుడు, రోజుల వ్యవధిలోనే కెనడా జంటకు రెండో స్వర్ణం ఇచ్చారు. అంతర్జాతీయ స్కేటింగ్ సంఘం దశాబ్దాలనాటి 6.0 మార్కుల పద్ధతినే తీసివేసి, 2004 నాటికి కొత్త పద్ధతి తెచ్చింది. పతకానికి అన్యాయం జరిగితే ఒక క్రీడ తన పునాదులను రెండేళ్లలో తిరగరాసుకుంది. పిల్లలకు అన్యాయం జరిగిందన్నప్పుడు మాత్రం 60 రోజుల నిబంధన చూపింది.

సాల్ట్ లేక్ వివాదంలో మూడేళ్ల నిషేధానికి గురైనవారిలో ఫ్రెంచి సమాఖ్య అధ్యక్షుడు దిదియే గైయాగే ఒకడు. 2007లో అతను మళ్లీ అధ్యక్షుడయ్యాడు. పదమూడేళ్ల తర్వాత సారా పుస్తకం వచ్చేనాటికీ ఆ కుర్చీలో అతనే ఉన్నాడు. అమెరికా కథ, ఫ్రాన్సు కథ కలిసేది ఇక్కడే.

*

బెయెర్ గురించి ఫ్రాన్సులో ఎవరికీ తెలియదనడానికి వీల్లేదు. 2000 ప్రాంతంలోనే అతని ప్రవర్తనపై ఫిర్యాదు వచ్చింది. న్యాయవిచారణలో ఏమీ తేలలేదు. ఆ తర్వాత క్రీడా మంత్రిత్వశాఖ సొంతంగా విచారణ జరిపించి, 2001లో ప్రభుత్వ శిక్షకుడి హోదా నుంచి అతన్ని తప్పించింది. ఒక మనిషిని పిల్లలకు దూరంగా ఉంచాలని రాజ్యం నిర్ణయించిందంటే కథ అక్కడితో ముగియాలి. ముగియలేదు. ప్రభుత్వ ఉద్యోగం పోయినా క్లబ్బు మిగిలింది, సమాఖ్య మిగిలింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి అతను పారిస్‌లోని పెద్ద క్లబ్బులో కొనసాగాడు, సమాఖ్య పదవులలో ఉన్నాడు, ఫ్రెంచి జట్టు వెంట విదేశీ పోటీలకు కూడా వెళ్లాడు. ఒక తలుపు మూసినవారు పక్క తలుపు తెరిచి ఉందో లేదో చూడలేదు. పక్క తలుపు కాపలాదారుకు ఆ మనిషిని ఎందుకు గెంటివేశారో తెలుసు, అయినా లోపలికి రానిచ్చాడు.

పుస్తకం విడుదలకు ముందురోజే 'లెకీప్' క్రీడాపత్రిక తన పరిశోధనను ప్రచురించింది. సారా ఒక్కతే కాదని తేలింది. 1970ల చివర బాలికగా మంచు మీద ఆడిన హెలెన్ గొదార్ సహా మరికొందరు మాజీ స్కేటర్లు తమ కథలు చెప్పారు. బెయెర్‌తో పాటు వేరే కోచ్‌ల పేర్లూ వచ్చాయి. ఒక తరం తన తర్వాతి తరాన్ని కాపాడలేకపోయిందన్న బాధ ఆ సాక్ష్యాలలో తప్పించలేని స్వరం. గొదార్ తరంలో ఎవరైనా ఆమె మాట విని ఉంటే సారా కథ ఉండేది కాదు.

అప్పటి క్రీడామంత్రి రొక్సానా మారాసినేను తానే ఒక క్రీడాకారిణి. 1998లో ఈతలో ప్రపంచ విజేత, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రజతం. ఆమె గైయాగేను పిలిచి రాజీనామా చేయమని అడిగింది. అతను పత్రికాసమావేశం పెట్టి, బాధ్యత తన ఒక్కడిదే కాదని వాదించాడు. చివరికి ఫిబ్రవరి 8న తప్పుకున్నాడు. మార్చిలో మాజీ ఐస్ డ్యాన్సర్ నతాలీ పెషాలా ఆ స్థానానికి ఎన్నికైంది. ఆగస్టులో మంత్రిత్వశాఖ తనిఖీ నివేదిక వచ్చింది. ఆ ఒక్క సమాఖ్య పరిధిలో 20 మందికి పైగా కోచ్‌లపై ఆరోపణలు ఉన్నట్టు అందులో తేలింది. కొందరిపై లైంగిక వేధింపుల ఆరోపణలు, కొందరిపై శారీరక హింస, దూషణల ఆరోపణలు. కోర్టులలో ఇదివరకే శిక్షపడినవారు కూడా వారిలో ఉన్నారు.

పారిస్ ప్రాసిక్యూటర్ సారా విషయం కాలదోషం పట్టినదని తెలిసే విచారణ తెరిచాడు. కాలదోషం పట్టని బాధితులు ఇంకెవరైనా ఉన్నారేమో వెతకడం దాని ఉద్దేశం. ఆ వెతుకులాటలో దొరికిన మరొక ఫిర్యాదుపై 2021 జనవరిలో బెయెర్ మీద అధికారికంగా అభియోగ విచారణ మొదలైంది. దోషి అనో నిర్దోషి అనో తేలకముందే 2023లో అతను మరణించాడు. సారా మాటను ఏ న్యాయమూర్తీ వినలేదు, బెయెర్ మాటను కూడా వినలేదు. మరణం కూడా ఒక కాలదోషమే.

*

ఈ చివరి మాటకు మరింత క్లిష్టమైన ఉదాహరణ అమెరికాలోనే ఉంది.

జిమ్నాస్టిక్స్ జట్టు వైద్యుడు లారీ నాసర్ వైద్యం పేరుతో వందలాది అమ్మాయిలపై చేసిన దురాగతాలు 2016 నుంచి బయటపడటంతో అమెరికా క్రీడావ్యవస్థ కదిలింది. చికిత్స అన్న ఒక్క మాట తల్లిదండ్రులను కూడా గదిలోనే కళ్లుమూసుకుని కూర్చోబెట్టగలదని ఆ కేసు చూపింది. వైద్యవృత్తికి అంతకు మించిన తలవంపు మరొకటి ఉండదు. సమాఖ్యలు తమవారిని తామే విచారించుకునే పద్ధతికి బదులుగా 2017లో సేఫ్‌స్పోర్ట్ అనే స్వతంత్ర కేంద్రం మొదలైంది. 2018 ఫిబ్రవరిలో సమాఖ్య చట్టం దానికి అధికారబలం ఇచ్చింది. 60 రోజుల గడువు గతించింది.

మౌరిజి ఆ ఏడాదే తన పాత ఫిర్యాదును మళ్లీ ఇచ్చాడు. మార్చిలో కాలహన్‌ను తాత్కాలికంగా నిలిపివేశారు. 2019 ఆగస్టులో శాశ్వత నిషేధం విధించారు. అదే ఏడాది చివర మధ్యవర్తి ఆ శాశ్వత నిషేధాన్ని మూడేళ్ల సస్పెన్షన్‌కు తగ్గించాడు. మౌరిజి తొలి ఫిర్యాదుకూ ఈ ఫలితానికీ మధ్య ఇరవై ఏళ్లు. కాలహన్ వయసు అప్పటికి డెబ్భై దాటింది.

2019 జనవరి 17న అదే కేంద్రం జాన్ కాగ్లిన్‌ను తాత్కాలికంగా నిలిపివేసింది. రెండుసార్లు అమెరికా జంటల విజేత, వ్యాఖ్యాత, అందరికీ ఇష్టుడు. తనపై వచ్చిన ఆరోపణలు నిరాధారమని అతను అన్నాడు. మరుసటి రోజే ఆత్మహత్య చేసుకున్నాడు. వయసు 33. స్కేటింగ్ లోకం విషాదంలో మునిగింది. నివాళులు వెల్లువెత్తాయి. విచారణే అతన్ని చంపిందని బహిరంగంగా అన్నవారున్నారు. నిందితుడు జీవించి లేనందున దర్యాప్తు ముందుకు సాగదని సేఫ్‌స్పోర్ట్ ప్రకటించింది. ఆ వసంతంలో అతని మాజీ భాగస్వామి బ్రిడ్జెట్ నామియోట్కా, ఆగస్టులో ఒలింపిక్ పతక విజేత యాష్లీ వాగ్నర్, తమ అనుభవాలను పేరుపెట్టి చెప్పారు. 2008లో తనకు పదిహేడేళ్లున్నప్పుడు జరిగినదాన్ని వాగ్నర్ రాసింది. మరణించినవాడి మీద మాట్లాడుతున్నారన్న నిందను ఇద్దరూ భరించారు.

ఇక్కడ తేలికైన తీర్పు ఏదీ లేదు. కాగ్లిన్ దోషి అని ఏ విచారణా తేల్చలేదు. ఆ మహిళలు చెప్పింది అబద్ధమనీ ఎవరూ తేల్చలేదు. దర్యాప్తును మూసివేయడం తటస్థంగా కనిపించినా, దాని ఫలితం తటస్థంగా లేదు. అతని ఆప్తులకు నిర్దోషిత్వం దొరకలేదు, ఆ మహిళలకు వినికిడి దొరకలేదు. వాస్తవాన్ని తేల్చడానికి శిక్షవేయడానికి ఎవరో ఒకరు మిగిలి ఉండాలన్న నియమం లేదు. విమానం కూలితే పైలట్ బతికి లేకపోయినా కారణం వెతుకుతారు. ఆసుపత్రిలో రోగి అనుకోకుండా మరణిస్తే, సంబంధిత వైద్యుడు వెళ్లిపోయినా, ఏం జరిగిందో సమీక్షిస్తారు. ఎవరికి తెలుసు, ఎప్పుడు తెలుసు, తెలిసి ఏం చేశారు అన్న ప్రశ్నలు నిందితుడితో పాటు చనిపోవు. ఎందుకంటే వాటికి జవాబు చెప్పవలసినవారు బతికే ఉంటారు.

జవాబుదారీతనం అన్న మాటను శిక్షతో సమానంగా వాడటమే ఈ చరిత్రలో పదేపదే కనిపించే పొరపాటు. శిక్షకు గడువు ఉండవచ్చు. వినడానికి గడువు అక్కరలేదు. ఇటీవలి కెనడా ఉదంతం కూడా అదే చెబుతుంది. ఆ దేశం తరఫున ఆడిన ఒక ఐస్ డ్యాన్సర్‌పై, 2012లో జరిగిందన్న ఘటనకు సంబంధించి, 2024 అక్టోబర్‌లో కనీసం ఆరేళ్ల సస్పెన్షన్ పడింది. ఆరోపణను అతను ఖండించాడు. 2025 జూన్‌లో మధ్యవర్తి ఆ సస్పెన్షన్‌ను కొట్టివేశాడు. విచారించే అధికారపరిధి ఆ సంస్థకు లేదన్నది కారణం. జరిగిందా లేదా అన్న ప్రశ్న మళ్లీ అలాగే మిగిలింది. 1999లో గడువు అడ్డుపడింది, 2019లో మరణం అడ్డుపడింది, 2025లో పరిధి అడ్డుపడింది.

*

మార్పులు రాలేదనడం అన్యాయం. ఫ్రాన్సులో క్రీడారంగపు హింసపై ఫిర్యాదులు స్వీకరించే ప్రత్యేక విభాగం మంత్రిత్వశాఖలోనే ఏర్పడింది. అనేక క్రీడల నుంచి వందలాది ఫిర్యాదులు దానికి అందాయి. క్లబ్బులలో స్వచ్ఛందంగా పనిచేసేవారి నేరచరిత్రను కూడా తనిఖీ చేస్తున్నారు. ఇది మొదటే ఉండి ఉంటే పక్క తలుపు అంత తేలికగా తెరుచుకునేది కాదు. 2021 ఏప్రిల్ చట్టం మరో ముఖ్యమైన అడుగు వేసింది. ఒకే వ్యక్తి తర్వాతి కాలంలో మరో మైనర్‌పై నేరం చేస్తే, ముందటి బాధితుల గడువు కూడా దానితో పాటు పొడిగే వీలు కల్పించింది. ఒక బాధితురాలి మాట మరొకరి మాటకు ఊపిరి పోస్తుందన్న వాస్తవాన్ని చట్టం తన భాషలోకి అనువదించుకుంది. ఇప్పటికే గడువు ముగిసినవారికి మాత్రం అదీ వర్తించదు.

అంతర్జాతీయ సంఘం 2022 జూన్‌లో సీనియర్ పోటీలకు కనీస వయసును 15 నుంచి దశలవారీగా 17కు పెంచింది. ఆ నిర్ణయానికి తక్షణ కారణం బీజింగ్ ఒలింపిక్స్‌లో డోపింగ్ వివాదంలో చిక్కి, మంచు మీద కుప్పకూలిన పదిహేనేళ్ల రష్యన్ బాలిక. ఆమె కోచ్ ఆ క్షణంలో చూపిన కఠినత్వాన్ని ప్రపంచమంతా చూసింది. వయసు పెంపు లైంగిక దోపిడీకి మందు కాదు. కాని పతకం విలువ బాలిక దేహం మీద ఆధారపడినంతకాలం ఆ దేహం మీద పెద్దల అధికారం కూడా పెరుగుతుందన్న గుర్తింపు అందులో ఉంది.

సారా అబిత్‌బోల్‌కు ముందు కూడా ఫ్రాన్సులో ఇటువంటి పుస్తకాలు వచ్చాయి. 1990ల మొదట్లో తోటి క్రీడాకారుల దాడిని బయటపెట్టి కోర్టుకెక్కిన అథ్లెట్ కాథరీన్ మ్వయాఁ ద బేక్ 1997లో తన పుస్తకం తెచ్చింది. టెన్నిస్ క్రీడాకారిణి ఇజబెల్ దమోంజో 2007లో తన కోచ్ రెజిస్ ద కామరే గురించి రాసింది. ఆమె సొంత ఫిర్యాదుకు అప్పటికే కాలదోషం పట్టింది. అయితే ఆమె ముందుకు వచ్చాక మాట్లాడినవారిలో ఇద్దరి ఫిర్యాదులు గడువులోపల ఉన్నాయి. వాటి ఆధారంగా 2012లో ద కామరేకు శిక్షపడింది. అప్పీలులో అది పదేళ్లకు పెరిగింది. తనకు దొరకని న్యాయాన్ని దమోంజో ఇతరులకు దొరికేలా చేసింది.

ఈ మూడు పుస్తకాల మధ్య ఇరవై మూడేళ్లున్నాయి. మొదటి పుస్తకాన్ని సమాఖ్యలు అథ్లెటిక్స్ సమస్య అన్నాయి, రెండోదాన్ని టెన్నిస్ సమస్య అన్నాయి. మూడోది వచ్చేసరికి గాని ఇది క్రీడలన్నిటి సమస్య అని ఒప్పుకోలేదు. గొప్ప వచనం కోసం సారా పుస్తకాన్ని చదవనక్కరలేదు. దాని వాక్యాలు పొట్టివి, ఆయాసపడుతున్నట్టుంటాయి, కొన్నిచోట్ల చెప్పినదే మళ్లీ చెబుతాయి. న్యాయస్థానంలో సాక్షి అలాగే మాట్లాడుతుంది. వాంగ్మూలం నమోదు చేసుకునే గుమాస్తా లేనప్పుడు ఆ పని పాఠకుడి మీద పడుతుంది.

పుస్తకం చివరి పేజీ మూసేసరికి గుర్తుండిపోయేది ఆ తల్లి. రింకు బయట కారులో కూర్చుని, అదనపు శిక్షణ పూర్తయి కూతురు వచ్చేదాకా ఎదురుచూసిన ఏ తల్లి అయినా, ఏ దేశపు తల్లి అయినా. ఆమె చేయని తప్పుకు ఆమె జీవితాంతం తనను తాను నిందించుకుంటుంది. 2001 నాటి దస్త్రాన్ని చదివిన వారెవరూ ఆమెకు ఆ సంగతి చెప్పలేదు.